తాడిపత్రి బిడ్డ, బళ్లారి ప్లీడరు, ఆంధ్రుల నటుడు – రాఘవ

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సీనియర్ సభ్యులు చేసిన ప్రసంగం. పలువురు సభ్యులు, వారి కుటుంబ సభ్యులు కోరిన మీదట పూర్తి పాఠాన్ని ఈ ప్రత్యేక సంచికలో ఇస్తున్నాం.)



ఇంతవరకు కార్యదర్శిగారు డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ల గురించి వివరంగా చెప్పారు. అవన్నీ మనకు కావలసినవే. ఇప్పుడు ఒక అరగంట వాటిని పక్కన పెట్టి, మన ప్రాంతపు మనిషిని ఒకరిని తలచుకుందామని అధ్యక్షులవారు నన్ను పిలిచారు. వెనకాల ఓళిగలు కాలుస్తున్న వాసన నాకూ వస్తోంది. అవి చల్లారకముందే ముగిస్తాను.

ఆ మనిషి బళ్లారి రాఘవగారు. పేరు ముందు బళ్లారి ఉంది కాబట్టి ఆయన మనవాడు కాదని చాలామంది అనుకుంటారు. ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న పెన్న ఒడ్డున ఉన్న మన తాడిపత్రిలో పుట్టారు. అప్పటికి అనంతపురం జిల్లా అన్నది లేదు. బళ్లారి జిల్లాను విడదీసి 1882లో మన జిల్లాను ఏర్పాటు చేశారు. అంటే ఆయన పుట్టిన నాటికి తాడిపత్రి కూడా బళ్లారి జిల్లాలోదే. జిల్లా కంటే రెండేళ్లు పెద్దవాడు రాఘవ.

ఆయన పుట్టిన కాలాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1876 నుంచి 1878 దాకా ఈ ప్రాంతాన్ని ధాత కరువు ఊడ్చిపెట్టింది. ధాత, ఈశ్వర నామ సంవత్సరాల్లో వచ్చిందని దానికి ఆ పేరు. మా అవ్వ ఆ కరువును చూడలేదు, అయినా వాళ్ల అవ్వ చెప్పిన మాటలుగా మాకు చెప్పేది. ఎప్పుడైనా అన్నం పళ్లెంలో వదిలేస్తే "ధాత కరువులో పుట్టుంటే తెలిసేది నీకు" అని తిట్టేది. ఆ కరువు ముగిసిన రెండేళ్లకు పుట్టిన బిడ్డ రాఘవ. సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఈ నేల మీద, కరువు ఆరని రోజుల్లో, ఇంత పెద్ద నటుడు పుట్టాడన్నది మనం మరిచిపోకూడని సంగతి.

ముగ్గురు ప్లీడర్లు

రాఘవ తండ్రి నరసింహాచార్యులుగారు బళ్లారి హైస్కూలులో తెలుగు పండితులు. తల్లి శేషమ్మగారు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు. ఆంధ్ర నాటక పితామహుడని మనం చదువుకున్న ఆయనే. రామకృష్ణమాచార్యులుగారు బళ్లారిలో వకీలు. కోర్టు పని చేసుకుంటూనే సరస వినోదిని సభ అని ఒక నాటక సమాజం పెట్టి, 1880ల చివర్లో 'చిత్రనళీయము' వంటి నాటకాలు రాసి ఆడించారు. మన సంప్రదాయంలో నాటకం మంగళాంతంగా ఉండాలన్న నియమం ఉండేది. దాన్ని దాటి 'విషాద సారంగధర' రాసిన ధైర్యవంతుడు ఆయన.

అదే బళ్లారిలో అదే రోజుల్లో ఇంకొక వకీలు, కోలాచలం శ్రీనివాసరావుగారు. ఆయనది సుమనోరమ సభ. చారిత్రక నాటకాలకు ఆయన పెట్టింది పేరు. 1565లో విజయనగరం పతనమైన కథను 'రామరాజు చరిత్రము'గా రాశారు. ఆ పతనం తరువాత రాజులు వచ్చి తలదాచుకున్నది మన పెనుకొండలోనే గదా! ఆ నాటకంలో పఠాన్ రుస్తుం పాత్ర వేసి రాఘవ దేశమంతా పేరు తెచ్చుకున్నారు.

ఇలా ఇద్దరు ప్లీడర్ల మధ్య పెరిగిన కుర్రవాడు మూడో ప్లీడరు అయ్యాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో, ఆపైన న్యాయ కళాశాలలో చదివి, 1905లో పట్టా పుచ్చుకుని బళ్లారి తిరిగి వచ్చి ప్రాక్టీసు పెట్టారు. క్రిమినల్ కేసుల్లో మంచి పేరు వచ్చింది. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా కూడా పనిచేశారు. పగలు కోర్టు, రాత్రి రిహార్సలు. ఇది నాలుగు రోజుల ముచ్చటగా కాక దాదాపు నలభై ఏళ్లు సాగింది.

ఈ మాట నేను మీ ముందు నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మనం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక మాట అంటూ వచ్చాం – "ఈ ఫైళ్లు లేకుంటే నేనూ ఏదో సాధించేవాణ్ణి" అని. మనలో పాట పాడేవాళ్లున్నారు, పద్యం చెప్పేవాళ్లున్నారు, బొమ్మలు గీసేవాళ్లున్నారు. అందరం రిటైరయ్యాక చూద్దాంలే అనుకున్నాం. రాఘవ అలా అనుకోలేదు. నాటకాన్ని పొట్టకూటికి ఆడలేదు. పొట్టకూటికి కోర్టు ఉంది కాబట్టి నాటకంలో ఎవరి మాటా పడనక్కరలేకుండా, తనకు నచ్చినట్టు ఆడారు. నాటకాల ద్వారా వచ్చిన డబ్బు సత్కార్యాలకు పోయింది.

రాఘవ ఏం మార్చారు?

ఇక్కడ పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ల కోసం ఆ రోజుల నాటకం ఎలా ఉండేదో చెప్పాలి. పెట్రోమాక్స్ దీపాలు. ముందు హార్మోనియం. రాజు చనిపోతున్నా రాగం తీయాల్సిందే. రాగం బాగుంటే జనం "వన్స్ మోర్" అంటారు. చచ్చినవాడు లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ చస్తాడు. నేను ఇది ఎగతాళిగా చెప్పడం లేదు. మా చిన్నతనంలో మేమూ చప్పట్లు కొట్టి లేపినవాళ్లమే. పద్యనాటకం మన ఆస్తి. కాని అందులో పాత్ర కంటే పాట పెద్దదైపోయింది.

రాఘవ ఈ ధోరణికి ఎదురు నిలిచారు. పద్యాన్ని సాగదీసి పాడకుండా, అర్థం తెలిసేటట్టు, మనిషి మాట్లాడినట్టు చెప్పారు. మాట లేనిచోట కూడా పాత్ర బతికే ఉండాలన్నది ఆయన పద్ధతి. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఆ మాట తన ముఖం మీద ఎలా పడుతోందో చూపించేవారు. కోర్టులో రోజూ సాక్షుల ముఖాలు చూసే మనిషి. ఎవడు నిజం చెబుతున్నాడు, ఎవడు గొంతు పెంచి అబద్ధం దాస్తున్నాడు అన్నది ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ చూపే రంగస్థలం మీద పనికొచ్చిందని నా అభిప్రాయం.

సరిగ్గా అదే కాలంలో రష్యాలో స్టానిస్లావ్‌స్కీ అనే ఆయన, 1898లో మొదలైన మాస్కో ఆర్ట్ థియేటర్‌లో, నటుడు పాత్ర లోపలి నుంచి నటించాలని కొత్త పాఠం చెబుతున్నాడు. ఇక్కడ బళ్లారి ఎండలో ఒక ప్లీడరు తన దారిన తాను దాదాపు అదే చోటికి చేరుకున్నాడు. బళ్లారిలో ఆయన షేక్స్పియర్ క్లబ్బు కూడా నడిపారు. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు – నాలుగు భాషల్లోనూ వేషం కట్టారు. మన సరిహద్దు ప్రాంతం వాళ్లకు రెండు భాషలు పుట్టుకతో వస్తాయి. మడకశిర, రాయదుర్గం, హిందూపురం వైపు నుంచి వచ్చిన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. సంతలో బేరం ఒక భాషలో, ఇంట్లో కోపం ఒక భాషలో. రాఘవకు ఆ ఇబ్బందే బలమైంది.

1927లో గాంధీ మహాత్ములు ఆరోగ్యం కుదుటపడడానికి నంది హిల్స్ మీద, బెంగుళూరులో కొన్ని నెలలున్నారు. అప్పుడు రాఘవ బృందం ఆయన ఎదుట 'దీనబంధు కబీర్' నాటకాన్ని హిందీలో ఆడింది. మరుసటి సంవత్సరం, 1928లో, రాఘవ ఇంగ్లండు వెళ్లారు. అక్కడి రంగస్థలాన్ని చూశారు, బెర్నార్డ్ షాను కలిశారు. షా ఆయనతో ఏమన్నాడో ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా చెబుతారు. ఆ మెప్పుకోలు మాటల జోలికి నేను పోను. మన మనిషి గొప్పతనం తెలియడానికి దొరగారి సర్టిఫికెట్ కావాలా? లైఫ్ సర్టిఫికెట్ ఒక్కటి చాలదూ మనకు!

స్త్రీ పాత్ర ఎవరు వేయాలి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ విషయం చెప్పాలనే నేను ఇవాళ ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

ఆ రోజుల్లో ఆడవేషం మగవాళ్లే కట్టేవారు. అందులో మహానుభావులున్నారు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా నడిచి వస్తే నిజమైన ఆడవాళ్లు కూడా కళ్లార్పకుండా చూసేవారట. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ప్రతిభను ఎవరూ కాదనరు. రాఘవ అడిగిన ప్రశ్న వేరు. ఆడవాళ్లు ఉండగా ఆడపాత్ర మగవాడెందుకు వేయాలి? చదువుకున్న గౌరవ కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎందుకు ఎక్కకూడదు?

ప్రశ్న అడిగి ఊరుకోలేదు. కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటి కుటుంబ స్త్రీలతో కలిసి నాటకాలాడారు. ఆ కాలంలో అది చిన్న సంగతి కాదు. ఆమె పడ్డ మాటలు ఎన్నో, ఆయన పడ్డ మాటలు ఎన్నో. పి.వి. రాజమన్నారుగారు 'తప్పెవరిది' అని ఒక సాంఘిక నాటకం రాశారు. సంసారంలో ఆడదానికి జరిగే అన్యాయాన్ని గురించినది. పద్యాలు లేవు, కిరీటాలు లేవు, ఇంట్లో మాట్లాడుకునే మాటలే. దాన్ని రాఘవ తలకెత్తుకుని ఆడారు. తను కూడా 'సరిపడని సంగతులు' అనే నాటకం రాశారు. రాజమన్నారుగారు తరువాత 1948లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులూ అయ్యారు. చూడండి, ఇక్కడ కూడా కోర్టువాళ్లే!

మిత్రులారా, ఇక నా కథ ఒకటి చెప్పాలి. ఇది చెప్పుకోదగ్గ కథ కాదు.

1976లో మా ఆఫీసు వార్షికోత్సవానికి మేమొక సాంఘిక నాటకం వేశాం. నేను హీరోని. అప్పటికి నాకు ఇరవయ్యెనిమిదేళ్లు, పెళ్లై మూడేళ్లు. నాటకం పేరెందుకులెండి, విషయం మాత్రం స్త్రీ అభ్యుదయం. రెండో అంకంలో నేను చెయ్యెత్తి, "ఆడది గడప దాటిన రోజే దేశం గడప దాటుతుంది" అన్న ధోరణిలో పెద్ద డైలాగు చెప్పాలి. నెలరోజులు రాత్రిళ్లు ఇంట్లో ప్రాక్టీసు చేశాను. స్క్రిప్టు పట్టుకుని ఎదుటి పాత్ర మాటలు నాకు అందించినది మా ఆవిడ. నెల తిరిగేసరికి నాకు నా పాత్ర ఒక్కటే వచ్చింది, ఆమెకు నాటకమంతా వచ్చింది.

కథానాయిక పాత్రకు వేరే ఊరి నుంచి ఒక ఆర్టిస్టును మాట్లాడుకున్నాం. అప్పట్లో ఉద్యోగుల నాటకాలన్నింటికీ అదే రివాజు. ఆర్టిస్టుకు బస్సు ఛార్జీ, బస, కొంత పైకం. మన ఇళ్ల ఆడవాళ్లు మాత్రం ముందు వరుసలో కూర్చుని చూడాలి. నాటకం నాటి సాయంత్రం ఆమెకు జ్వరమని కబురు వచ్చింది. ఇంక రెండు గంటలే ఉంది. మా సూపరింటెండెంటుగారు తల పట్టుకున్నారు. మా మిత్రుడొకడు, "ఏమప్పా, మీ ఇంట్లో వాళ్లకు నాటకమంతా నోటికొచ్చని నువ్వే చెప్పితివి గదా! అడుగు" అన్నాడు. నేను ఇంటికి పోయి అడిగాను. అడిగానని కూడా అనకూడదు, ఇట్లా అంటున్నారని చెప్పాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "మీరు సరేనంటే వేస్తాను" అంది.

నేను సరేననలేదు. "నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాను. ఆమె మళ్లీ మాట్లాడలేదు. లోపలికి పోయి, నేను వేసుకోవలసిన పంచె ఇస్త్రీ చేసి ఇచ్చింది.

చివరికి మా ఆఫీసులోని ఒక జూనియర్ అసిస్టెంటుకు చీర కట్టించాం. పాపం, వాడి మీసం ఆ పూటే తీయించాం. వాడు విషాద దృశ్యంలో ఏడుస్తుంటే జనం పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల మధ్యనే నేను చెయ్యెత్తి గడప దాటే డైలాగు చెప్పాను. చప్పట్లు కొట్టారు. మూడో వరుసలో మా ఆవిడ కూర్చుంది. ఆమె చప్పట్లు కొట్టిందో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ వార్షికోత్సవ సావనీరులోనే నేను బళ్లారి రాఘవ మీద వ్యాసం రాశాను. స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చిన మహనీయుడని రాశాను. ఆ సావనీరు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఈ ప్రసంగానికని బయటకు తీసి చదివితే సిగ్గేసింది. రాఘవ అన్న మాటలు మనకు నోటికి వచ్చు. ఆయన చేసిన పని మాత్రం మన ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. ఇక్కడున్న వాళ్లలో నా వంటి వాళ్లు ఇంకెందరున్నారో మీకే తెలుసు.

తెర మీద రాఘవ

ఇక సినిమా సంగతి. తెలుగు టాకీ 1930ల్లో మొదలయ్యేసరికి రాఘవకు యాభై దాటాయి. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడు వేశారు. అదే ఏడాది అదే కథతో 'ద్రౌపదీ వస్త్రాపహరణం' వచ్చింది. అందులో కన్నాంబ, యడవల్లి సూర్యనారాయణ, సి.ఎస్.ఆర్. ఉన్నారు. అది బాగా ఆడింది, రాఘవగారిది దెబ్బతింది. అంత పెద్ద నటుడి తొలి సినిమా ఓడిపోయింది. ఆ మాట దాచనక్కరలేదు.

కారణాలు ఆలోచిస్తే అర్థమవుతాయి. రంగస్థలం మీద పాత్ర మొదట్లో మొదలై చివరిదాకా నటుడి చేతిలో పెరుగుతుంది. జనం ఊపిరి ఆయనకు వినబడుతుంది. సినిమాలో ముక్కలు ముక్కలుగా తీస్తారు. చివరి దృశ్యం ముందు, మొదటి దృశ్యం తరువాత. ఎదుట జనం లేరు, యంత్రం ఉంది. నలభై ఏళ్లు ఒక పద్ధతిలో పనిచేసిన మనిషికి కొత్త పద్ధతి ఎంత కష్టమో, ఆఫీసులో కంప్యూటర్లు వచ్చినప్పుడు మనకందరికీ తెలిసింది. మౌస్ పట్టుకుని చెయ్యి వణికిన రోజులు మరిచిపోయామా?

అయినా ఆయన ఇంకోసారి ప్రయత్నించారు. 1939 ఆగస్టులో గూడవల్లి రామబ్రహ్మంగారి 'రైతుబిడ్డ' విడుదలైంది. అప్పటికి రాఘవగారికి యాభై తొమ్మిది నిండాయి. మనలో కొందరు యాభై ఎనిమిదికి, తరువాతి వాళ్లు అరవైకి రిటైరయ్యాం. ఆ వయసులో ఆయన తన సినిమా జీవితంలోకెల్లా గొప్ప పాత్ర వేశారు. పాత్ర పేరు నర్సిరెడ్డి. కిరీటం లేదు, గద లేదు. నెత్తికి గుడ్డ చుట్టుకున్న రైతు. అప్పులో ఉన్నవాడు. జమీందారు చెప్పినవాడికి గాక తనకు నచ్చినవాడికి ఓటు వేయాలనుకున్నందుకు కష్టాల పాలైనవాడు.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజావారు వి.వి. గిరిగారి చేతిలో ఓడిపోయారు. ఆ వేడి చల్లారకముందే వచ్చిన సినిమా ఇది. విచిత్రమేమంటే దీనికి పెట్టుబడి పెట్టిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి రాజావారు, ఆయనా జమీందారే. మిగిలిన జమీందార్లు మండిపడ్డారు. కొన్నిచోట్ల సినిమాను నిషేధించారు. అది వచ్చిన తొమ్మిదేళ్లకు, 1948లో, మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం చేసింది. చట్టాలు సినిమాల వల్ల రావు. కాని రైతు ఏమని బాధపడుతున్నాడో పట్నంవాడికి వినిపించడానికి ఒక ముఖం కావాలి. ఆ ముఖం రాఘవది.

మన జిల్లాలో ఆ తరహా జమీందారీలు అంతగా లేవు. 1800లో ఈ దత్త మండలాలు కుంపిణీ చేతికి వచ్చాక, స్కాట్లండు దేశపు గ్లాస్గో నుంచి వచ్చిన మన్రో దొర ఏడేళ్లు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి రైత్వారీ పద్ధతి పాతుకునేట్టు చేశాడు. రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టాలి. మధ్యలో జమీందారు లేడు. మరి మన రైతు సుఖపడ్డాడా? వాన లేదు. శిస్తు కట్టడానికి, విత్తనానికి, ఎద్దుకు, ఆడపిల్ల పెళ్లికి సావుకారు గడప ఎక్కాడు. జమీందారు లేని చోట అప్పే జమీందారు. అందుకే 'రైతుబిడ్డ' మనవాళ్లకు పరాయి కథ అనిపించలేదు.

మా నాయన ఆ సినిమాను టూరింగ్ టెంటులో, నేల టిక్కెట్టుకు చూశారట. ఆయనకు అప్పుడు ఇరవై ఏళ్లు. నాకు బుద్ధి తెలిశాక ఎన్నోసార్లు చెప్పారు. కథ గురించి ఎక్కువ చెప్పేవారు కాదు. "ఆ ముసలాయన నటించినట్లే లేదురా. మన ఊరి రెడ్డి ఎవరో వచ్చి అప్పు పత్రం ముందర కూర్చున్నట్లే ఉండె. నేను మా నాయన్ను చూసినట్లయింది" అనేవారు. మా తాతకు ఆరెకరాల మెట్ట ఉండేది. అందులో నాలుగెకరాలు సావుకారుకు పోయాయి. మా నాయన ఆ సినిమా చూసి టెంటు బయటకు వచ్చి ఏడ్చారని మా అమ్మ చెప్పింది. ఆయన మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నాటకాల మీద, సినిమాల మీద ఎన్నో పుస్తకాలు చదివాను గాని, నటన అంటే ఏమిటో నాకు మా నాయన మాటే బాగా చెప్పింది.

1940లో 'చండిక'లో కన్నాంబగారితో కలిసి నటించారు. అంతే. మొత్తం మూడు సినిమాలు. ఆ తరువాత తెర వైపు పోలేదు. 1946 ఏప్రిల్ 16న బళ్లారిలో కన్నుమూశారు. స్వాతంత్ర్యం చూడలేదు, ఆంధ్ర రాష్ట్రం చూడలేదు. 1953లో రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు వైపు పోయింది. ఆయన పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, పేరు తెచ్చిన ఊరు ఇంకొక రాష్ట్రంలో మిగిలాయి. బళ్లారివాళ్లు రాఘవ పేరుతో కళామందిరం కట్టుకున్నారు. 1981లో కేంద్ర ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల తెచ్చింది. మన తాడిపత్రిలోనే పుట్టిన కె.వి. రెడ్డిగారు 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసి తెలుగు సినిమాను ఎక్కడికో తీసుకుపోయారు. ఒకే ఊరు ఒక నటుణ్ణి, ఒక దర్శకుణ్ణి ఇచ్చింది. అయ్యో, వారిద్దరూ కలిసి ఒక్క సినిమా చేసి ఉంటే అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మనం చేయగలిగింది

రంగస్థల నటుడి కష్టమంతా తెర పడగానే పోతుంది. రాఘవ పఠాన్ రుస్తుంను, కబీరును చూసిన కళ్లు ఇవాళ లేవు. చూసినవాళ్లు తమ పిల్లలకు చెప్పిన మాటలు మాత్రం మన దగ్గర ఉన్నాయి. మా నాయన మాట ఒకటి నా దగ్గర ఉన్నట్టే, మీ పెద్దల మాటలు మీ దగ్గర ఉంటాయి. మన వయసు వాళ్లం పోతే అవి కూడా పోతాయి. కాబట్టి నాది మొదటి మనవి: మీ ఇళ్లలో విన్న నాటకాల ముచ్చట్లు, చూసిన వేషాలు, ఊళ్లోని పాత సమాజాల పేర్లు, ఒక కాగితం మీద రాసి మన సంఘం కార్యాలయంలో ఇవ్వండి. అక్షరదోషాలున్నా ఫరవాలేదు. ఎవరూ మెమో ఇవ్వరు!

రెండో మనవి. ఏటా ఆగస్టు 2న మన హాలులోనే ఒక నాటకం చదువుదాం. మేకప్పు వద్దు, తెరలు వద్దు. కుర్చీల్లో కూర్చుని, చేతిలో పుస్తకాలు పట్టుకుని ఎవరి పాత్ర వాళ్లు చదవడం. ఖర్చు కాఫీకి మాత్రమే. ఒక్క షరతు. ఆడపాత్రలు ఆడవాళ్లే చదవాలి, వాళ్లు మన ఇళ్ల నుంచే రావాలి.

ఈ మాట సభలో చెప్పే ముందు రాత్రి ఇంట్లో చెప్పాను. ఈసారి నిజంగానే అడిగాను. 1976లో చేసింది తప్పని కూడా చెప్పాను. మా ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, "ఇన్నేళ్లకు అడిగితిరి. ఇప్పుడు నాకు మోకాళ్ల నొప్పులు. కూర్చుని చదివే పాత్రయితే చూద్దాం" అంది. కొంచెం ఆగి, "ఆ నాటకం నాకింకా గుర్తుంది" అని, రెండో అంకంలో కథానాయిక మాటలు నాలుగు చెప్పింది. పక్కనే నా డైలాగు వచ్చే చోటు. నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. అది కూడా ఆమే అందించింది.

ఆమె ఇవాళ ఈ సభలోనే, మూడో వరుసలో కూర్చుని ఉంది. అప్పుడు చూడలేకపోయాను గాని, ఇప్పుడు చూస్తూనే చెబుతున్నాను.

 ఓళిగలు తయారయినట్టున్నాయి. షుగరున్నవాళ్లు ఒక్కటితో ఆపమని కోశాధికారిగారి మాట. సెలవు. నమస్కారం.